సైకిల్ బుట్టలో గూడు

కంఠేశ్వర్, నిజామాబాద్
12-2-2001

ఒసేయ్ బిందూ,

నీ కార్డు అందింది. అంత సంగతి కార్డు మీద రాస్తావా? మీ క్యాంపు ఊరి పోస్ట్‌మాన్‌కి చదువు రాదనుకున్నావా? మీ ఇంట్లో వాళ్ళేమో కోడలికి నడుం పట్టేసిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. నువ్వేమో "ఇది మూడోసారి, నాలుగో నెల, జూలై దాకా మంచం దిగొద్దన్నారు" అని పోస్టుకార్డు మీద గుండ్రంగా రాసి పంపిస్తావు. ఇకమీద కవర్లో పెట్టి రాయి.

చదవగానే సంతోషం వేసింది, ఆ వెనకే భయం వేసింది. దాచడం ఎందుకు? ముందు రెండుసార్లూ ఐదో నెలలోనే కదా పోయింది. డాక్టరమ్మ చెప్పిన మాట జవదాటకు. ఫోన్ చేద్దామంటే అది మీ ముందు హాల్లో ఉంది, నువ్వు వెనక గదిలో ఉన్నావు. వద్దామంటే మీ అత్తయ్యగారు పరాయి మనిషిని గడప దాటనివ్వడం లేదని రాశావు. బోధన్ ఇక్కడికి గంట ప్రయాణం, అయినా నువ్వు నాకు దుబాయ్ అంత దూరం అయిపోయావు.

"ఏదో ఒకటి రాయవే, పైకప్పు చూసి చూసి విసుగొచ్చింది" అన్నావు. మా అన్న ప్రశాంత్ పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. మూడు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్కలు, ఒక ఫోన్ లైను. పొద్దున్నే ఆడవాళ్ళు వస్తారు, మస్కట్‌లోనో షార్జాలోనో ఉన్న భర్తలకి మెయిల్ కొట్టించుకోవడానికి. "మంచిగున్నమని రాయి బిడ్డా. బర్రె ఈనిందని రాయి. గది ముందుగాల రాయి" అంటారు. బర్రెనే ముందు పెట్టి కొడతాను.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా పురుగు కూడా రాదు. అప్పుడు నేను తిరుగుతాను. కూర్చున్నచోటే, నెట్‌లో. నిన్న ఒక చోట తేలాను. ఒకావిడ, ఏదో చలిదేశం, రోడ్డు మీద పడిపోయిన ఒంటి చేతితొడుగులన్నీ ఏరి ఫోటోలు తీసి పెట్టింది. ఎర్రది, నీలంది, పసిపిల్లది, వేలు చిరిగింది. ఒక్కోదాని కింద ఏ వీధిలో దొరికింది, ఆ రోజు వానా మంచా అన్నది రాసింది. "ఇది మీదైతే నాకు రాయండి, రెండోది ఇంకా మీ దగ్గరే ఉంటుంది కదా" అని పైన పెద్ద అక్షరాలతో ఉంది. మొత్తం రెండువందల పన్నెండు. ఒక్కటంటే ఒక్కటి కూడా ఇంటికి చేరలేదట. అయినా ఏరుతూనే ఉంది. నాకు ఆవిడ నచ్చింది.

కదలకుండా పడుకో.

నీ సుకన్య

*

సీతారాంపురం క్యాంపు, బోధన్ దగ్గర
21-2-2001

సుకన్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తొడుగులావిడ నిన్న నాకు కలలోకి వచ్చింది. మన కాలేజీ హాస్టల్ వరండాలో తీగ కట్టి తొడుగులన్నీ ఆరేసింది. గాలికి అన్నీ చేతులు ఊపుతున్నాయి. నేను వాటి మధ్యలో నుంచి నడుచుకుంటూ వెళ్ళాను. నడిచానే! లేచాక కూడా చాలాసేపు కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

ఇక్కడ నా రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున ఎనిమిదికి కిటికీ ఊచల నీడ కేలండర్ మీద ఉంటుంది. పదకొండుకి ఇనప్పెట్టె మీదకి దిగుతుంది. నాలుగింటికి నా కాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. గడియారం అక్కర్లేదు. దూరంగా చక్కెర ఫ్యాక్టరీ కూత వినపడుతుంది. చెరకు బండ్లు రోడ్డు మీద వరుస కట్టి పోతుంటే వాటి చప్పుడుకి నిద్ర పడుతుంది, లేస్తే ఇంకా పోతూనే ఉంటాయి. మధ్యాహ్నం గాలి మళ్ళితే గదంతా ఉడికిన తీపి వాసన. ఆ వాసనలో పడుకుని నీ కంప్యూటర్ గురించి ఆలోచిస్తాను. ఎక్కడో ఎవరో తలుపు తీసిపెట్టుకుని కూర్చుంటారు, ఎవరైనా లోపలికి రావచ్చు, ఎవరూ రాకపోయినా వాళ్ళు దీపం ఆర్పరు. ఎంత బాగుంది!

అత్తయ్య నన్ను పువ్వులా చూస్తోంది. "కదలకు తల్లీ, మంచినీళ్ళు నేనిస్తాగా. కడుపు సంగతి ఎవరితోనూ అనకు. రెండుసార్లు ఊరంతా చెప్పుకున్నాం, ఏమైందో చూశాంగా. ఈసారి ఎవరి నోటా పడనివ్వను" అంటుంది. పక్కింటివాళ్ళు నడుంనొప్పికి నువ్వులనూనె ఇచ్చి పంపారు. మొహమాటానికి అది కూడా రాయించుకుంటున్నాను.

ఇంకా రాయి. ఎంత పిచ్చిదైనా పరవాలేదు.

బిందు

*

కంఠేశ్వర్, నిజామాబాద్
10-3-2001

బిందూ,

పిచ్చివి కావాలన్నావు కాబట్టి చూసుకో.

ఒకటి: ఒకాయన పేజీ తెరిస్తే "పని జరుగుతోంది, త్వరలో రండి" అని ఉంటుంది, కింద టోపీ పెట్టుకున్న బొమ్మమనిషి పార పట్టుకుని తవ్వుతుంటాడు. పేజీ అడుగున ఉన్న తేదీ చూస్తే మూడేళ్ళ కిందటిది. మూడేళ్ళుగా తవ్వుతున్నాడు పాపం! పోచంపాడ్ కాలువలు తవ్వినవాళ్ళు కూడా మధ్యలో బీడీకి ఆగి ఉంటారు.

రెండోది: ఒక పేజీలో ఒక తాడు బొమ్మ ఉంది. కిందికి జరుపుతూ పోవాలి. జరిపాను. తాడే. ఇంకా జరిపాను. తాడే. పైన ఇంట్లో ఫోన్ మోగి లైను తెగింది, మళ్ళీ కలుపుకుని మొదటి నుంచి జరిపాను. పావుగంట తర్వాత తాడు అయిపోయింది. అక్కడ చిన్న కుర్చీ బొమ్మ, "ఇంత దూరం వచ్చారా, కాసేపు కూర్చోండి" అని. నిజం చెప్తున్నా బిందూ, నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. ఈ మధ్య నన్ను ఎవరూ కూర్చోమనలేదు.

మా ఇంట్లో పెళ్ళిసంబంధాల గోల మళ్ళీ మొదలైంది. అది తర్వాత రాస్తాను. ఐదో నెల పడి ఉంటుంది కదా నీకు? నేను అడగను. నువ్వే రాయి.

సుకన్య

*

సీతారాంపురం క్యాంపు
26-3-2001

సుకన్యా,

ఐదో నెలే. పగలు ధైర్యంగానే ఉంటాను. అత్తయ్య దుప్పటి మార్చడానికి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరం దుప్పటి వంక చూస్తాం, తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోం. మా ఆయన చేలో పని ముగించుకుని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి "ఏం లేదుగా?" అంటాడు. "ఏం లేదు" అంటాను. ఏం లేకపోవడమే మా ఇంట్లో రోజూ వచ్చే శుభవార్త.

తాడు చాలా బాగుంది. కానీ ఒక కోరిక. ఆగిపోయినవి వద్దే. తొడుగులు దొరకవు, తవ్వేవాడు ముగించడు, తాడు చివర కుర్చీ అలాగే ఉంటుంది. రేపు ఏమవుతుందో దాన్ని పెట్టినవాళ్ళకే తెలియనిది ఒకటి వెతుకు. నాలాగా.

ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ అయిపోయింది. బండ్లు ఆగిపోయాయి. ఇప్పుడు బొత్తిగా నిశ్శబ్దం.

బిందు

*

కంఠేశ్వర్, నిజామాబాద్
17-4-2001

బిందూ,

దొరికింది! నువ్వు అడిగింది అచ్చంగా దొరికింది.

సముద్రం మధ్యలో ఏదో చిన్న దీవి, అక్కడ ఒకాయన. సైకిల్ మీద పనికి పోతాడు. మార్చి నెలంతా జ్వరంతో ఇంట్లో పడుకున్నాడట. లేచి సామాన్ల కొట్టులోకి వెళ్ళి సైకిల్ తీయబోతే ముందు బుట్టలో పిట్ట గూడు! గడ్డి, నాచు, ఎవరిదో ఉన్ని దారం. ఇక సైకిల్ కదిపితే గూడు పోతుంది కదా. ఆయన ఏం చేశాడో తెలుసా? సైకిల్ అక్కడే వదిలేసి రోజూ నడిచి పోతున్నాడు. మూడు మైళ్ళు. కొట్టులో చిన్న కెమెరా పెట్టి, అరగంటకొక బొమ్మ నెట్‌లో పడేటట్టు చేశాడు. పేజీ పేరు "ప్రస్తుతం నా సైకిల్ ఖాళీ లేదు".

మా లైనుకి బొమ్మ పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంది, షట్టరు దించినట్టు. మొదట ఇటుక గోడ, తర్వాత సైకిల్ హ్యాండిలు, తర్వాత బుట్ట. తెర దగ్గరికి వంగి చూశాను. నాలుగు గుడ్లు. నీలంగా, మచ్చలతో. పిట్ట అప్పుడే ఎక్కడికో పోయినట్టుంది. ప్రింటు తీసి దీంతో పెడుతున్నాను. మన ప్రింటర్‌లో నీలం రంగు అయిపోవచ్చింది, అందుకని బూడిదరంగులో కనిపిస్తాయి. నువ్వు నీలం అనుకో.

ఆయన కింద రాసింది ఇదీ: "ఇవి పిల్లలవుతాయో లేదో నాకు తెలియదు. నేను ఎదురుచూస్తున్నాను. మీకు వీలైతే మీరూ చూడండి."

వారానికొకటి పంపుతాను.

సుకన్య

*

సీతారాంపురం క్యాంపు
27-4-2001

సుకన్యా,

ఐదో నెల దాటాను. దాటానే! అత్తయ్య దేవుడి గదిలో కూర్చుని అరగంట ఏడ్చింది. అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని వచ్చి "పొయ్యి పొగ" అంది. గ్యాసు పొయ్యికి పొగేంటి?

నువ్వు పంపిన బొమ్మలు రెండూ మంచం పక్క గోడకి అంటించుకున్నాను. మొదటిదాంట్లో పిట్ట లేదు, రెండోదాంట్లో తోక ఒక్కటే ఉంది. ఆ తోక చూసి ఎంత సంతోషమో! మా ఆయనకి చూపిస్తే చాలాసేపు చూసి, "నడిచి పోతున్నాడా? మూడు మైళ్ళా? మంచోడే" అన్నాడు. మర్నాడు ఉదయం ట్రాక్టరు మా కిటికీ పక్కనుంచి కాకుండా కాలవగట్టు మీదుగా చుట్టు తిప్పి తీసుకెళ్ళాడు. ఎందుకని అడగలేదు.

నీకొక్కదానికే చెప్తున్నాను. ఎవరితోనూ అనకు. ఆ గుడ్లు పిల్లలైతే నాది కూడా నిలుస్తుందని మనసులో ఒక మాట అనేసుకున్నాను. అనుకున్నాక భయమేసింది. కానీ అనుకున్న మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియదు.

బిందు

*

కంఠేశ్వర్, నిజామాబాద్
9-5-2001

బిందూ,

మా అవ్వ ఈరవ్వ నందిపేట్ నుంచి వచ్చింది. మా నాన్నకి అమ్మ, పసుపు ఆరబెట్టి ఆరబెట్టి అరచేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. సెంటర్‌కి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి సైకిల్ బుట్ట చూపించాను. ఒక్కసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదేంది బిడ్డా! గా గుడ్ల మీన గంతమంది కండ్లు వెడితె దిష్టి తాకదా? గా పిట్ట ఏం గావాలె? పొదిగేటప్పుడు మేం కోడిని సుత గంప కింద మూసి పెడ్తం. బందు వెట్టుమను గా పోటువలు తీసుడు!" అంది. సెంటర్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

అంతా బాగానే ఉంది. ఇవాళ్టి బొమ్మ పెడుతున్నాను. గుడ్లు నాలుగూ భద్రంగా ఉన్నాయి.

సుకన్య

*

కంఠేశ్వర్, నిజామాబాద్
23-5-2001

బిందూ,

ఎండలు మండిపోతున్నాయి, రోజుకి ఆరుసార్లు కరెంటు పోతోంది, అందుకే ఆలస్యం. గూడు బాగుంది. ఇంకా పిల్లలు కాలేదు. చలిదేశం కదా, అక్కడ అన్నీ నిదానమే. ఇదిగో నిన్నటి బొమ్మ. నీ ఆరోగ్యం రాయి. పోయిన ఉత్తరంలో నాలుగు ముక్కలే రాశావు, బాగున్నానని. అంతేనా?

సుకన్య

*

సీతారాంపురం క్యాంపు
4-6-2001

సుకన్యా,

నువ్వు పంపిన బొమ్మలు నాలుగూ వరుసగా గోడ మీద ఉన్నాయి. నాలుగు నెలలుగా నేను చేస్తున్న పని ఒక్కటే, గోడ మీద నీడ ఎక్కడికి వచ్చిందో చూడటం. నీ మొదటి బొమ్మలో సైకిల్ హ్యాండిలు నీడ కింది నుంచి ఆరో ఇటుక మీద ఉంది. రెండోదాంట్లో తొమ్మిదో ఇటుక మీద. మే తొమ్మిదిన పంపినదాంట్లో ఆరో ఇటుక. మే ఇరవైమూడుది కూడా ఆరో ఇటుకే, వెంట్రుకవాసి తేడా లేదు. సూర్యుడు నీకోసం ఆగడు కదే. ఆ రెండూ కొత్త బొమ్మలు కావు. మొదటిదాన్నే మళ్ళీ మళ్ళీ తీసి పంపావు.

చలిదేశం అని రాశావు. మా పెరట్లో కోడి కూడా ఇరవై ఒక్క రోజులకి పిల్లల్ని దింపుతుంది. అదేమన్నా ఏనుగా?

నేనూ నీకు ఒకటి దాచాను. మే పద్నాలుగున నాకు కొంచెం ఎర్రగా కనబడింది. కారులో బోధన్ తీసుకెళ్ళారు, రెండురోజులు సెలైన్ పెట్టి పంపారు. నువ్వు భయపడతావని బాగున్నానని రాశాను. అంటే నువ్వూ నేనూ ఒకేసారి ఒకరికొకరం అబద్ధం రాసుకున్నాం.

ఏడో నెల నిండబోతోంది. గుడ్లు పోయాయా? నిజం రాయి.

బిందు

*

కంఠేశ్వర్, నిజామాబాద్
8-6-2001

బిందూ,

గుడ్లు పోయాయో లేదో నాకు తెలియదు. ఇది నిజం. మిగతాది కూడా రాసేస్తాను, తిట్టుకుంటూ చదువు.

అవ్వ మాటకి నవ్వి ఊరుకున్నానని రాశాను. ఊరుకోలేదు. ఆయన పేజీ అడుగున వచ్చినవాళ్ళు నాలుగు మాటలు రాసిపోయే పుస్తకం లాంటిది ఉంటుంది. అవ్వ పక్కన నిలబడి "రాసినవా? రాసినవా?" అని నా భుజం పొడుస్తూనే ఉంది. సరే, ముసలిదాని మాట ఎందుకు కాదనాలని, నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టాను: "మా అవ్వ చెప్తోంది, పొదిగే గుడ్లని ఊరందరూ చూడకూడదు, చూపు తగులుతుంది, దయచేసి కెమెరా ఆపండి." కొట్టాక చదివితే మరీ గద్దించినట్టుంది. అందుకని కింద ఇంకో నాలుగు లైన్లు కలిపాను. బోధన్ దగ్గర నా స్నేహితురాలు పడుకుని ఉంది, రెండుసార్లు పోయింది, ఇది మూడోది, మీ గూడు బొమ్మ గోడకి అంటించుకుని చూస్తోంది, అందుకే మాకు ఇంత భయం, అని.

మీ అత్తయ్య పక్కింటికి కూడా తెలియనివ్వని సంగతి నేను ప్రపంచానికంతా చెప్పేశాను. నీ పేరు రాయలేదు. కానీ రాశాను.

మర్నాడు పేజీ తెరిస్తే బొమ్మ లేదు. నల్లగా ఉంది. నా వల్లే ఏదో పాడైందనుకున్నాను. కింద చూస్తే ఆయన రాశాడు: "నిజామాబాద్ నుంచి ఒక పెద్దావిడ చెప్పింది. ఆవిడ చెప్పింది సరైనదో కాదో నాకు తెలియదు, కానీ గుడ్లు నావి కావు కాబట్టి పందెం కాసే హక్కు నాకు లేదు. కెమెరా తీసేశాను. పిట్ట వచ్చిపోయే సందు వదిలి కొట్టు తలుపు మూశాను. ఈ గుడ్ల కోసం, బోధన్‌లో పడుకున్న ఆమె కోసం, మనందరం కొన్నాళ్ళు చూపు పక్కకి తిప్పుకుందాం."

ఆయన మమ్మల్ని నమ్మాడు బిందూ! ఎవరు నమ్మమన్నారు? అవ్వకి చెప్తే "శెప్పినగద, బుద్ధిమంతుడు" అని పేలాలు నములుకుంటూ కూర్చుంది. నువ్వు ఆ గుడ్ల మీద మాట అనుకున్నావు. బొమ్మ ఆగిపోయిందని నీకు ఎలా రాయను? అందుకే పాతదే మళ్ళీ తీసి పంపాను. నీ మంచి కోసమే అనుకున్నాను. నా పిరికితనం కోసం కూడా.

ఇంకొకటి ఉంది. పేజీ నల్లగా అయ్యాక జనం రావడం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఎవరెవరో వస్తున్నారు, ఏమీ లేని పేజీ తెరుస్తున్నారు, పుస్తకంలో రాసిపోతున్నారు. గుడ్ల సంగతి ఎవరూ అడగడం లేదు. నీ సంగతి అడుగుతున్నారు. లారీ నడిపే ఒకతను "బోధన్ ఎక్కడుందో మ్యాపులో చూశాను, నేను దాటుతున్న రోడ్డు మీద లేదు, అయినా అటువైపు ఒకసారి చూశాను" అని రాశాడు. ఒకావిడ, తనకి నలుగురు పోయి ఐదోది నిలిచిందట, ఆ ఐదోవాడు ఇప్పుడు బడిలో పిల్లలకి లెక్కలు చెప్తాడట. ఒక అమ్మాయి పరీక్షకి వెళ్ళే ముందు రోజూ వచ్చి ఆ నల్లటి పేజీని చూసిపోతోందట. "నిశ్శబ్దంగా ఉంటుంది" అని రాసింది. నిన్నటికి నూట నలభై ఆరు మంది.

నేను ఎవరికీ జవాబు రాయలేదు. ఏం రాయాలో నువ్వు చెప్పాలి. కోపం ఉంటే తిడుతూనే రాయి, కానీ రాయి.

సుకన్య

*

కంఠేశ్వర్, నిజామాబాద్
30-6-2001

బిందూ,

మూడు వారాలైంది. నా ఉత్తరం అందలేదా? అంది చించేశావా? చించేసినా పరవాలేదు. బాగున్నావని ఒక్క ముక్క, కార్డు మీదైనా సరే.

మీ ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోతోంది. ఆదివారం బస్సెక్కి మీ క్యాంపుకి వచ్చాను. మీ అత్తయ్య తిడితే తిట్టనీ అనుకున్నాను. ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ "వాళ్ళ కోడలికి నడుంనొప్పి ముదిరిందంట, హైదరాబాద్ తీసుకెళ్ళారు" అంది. నేను మీ గుమ్మం ముందు నిలబడి ఏడ్చాను. నడుంనొప్పికి ఇంత ఏడుపేంటని ఆవిడ నన్ను వింతగా చూసింది.

ఈ ఉత్తరం మీ ఇంటికే రాస్తున్నాను, ఇంకెక్కడికి రాయాలో తెలియక.

సుకన్య

*

హైదరాబాద్, పిల్లల ఆసుపత్రి
16-7-2001

సుకన్యా,

మా ఆయన ఊరెళ్ళి నీ ఉత్తరం తెచ్చాడు. నిన్ను ఏడిపించినందుకు నాకు బాధగా లేదు. నువ్వు కొంచెం ఏడవాల్సిందే.

జూన్ ఎనిమిదో తారీఖు ఉత్తరం చదివి నాలుగురోజులు నీ మీద మండిపడ్డాను. రోడ్డు మీద నిలబెట్టినట్టు అనిపించింది. నూట నలభై ఆరు మంది! మా అత్తయ్య ఎన్ని అబద్ధాలాడి కాపాడిన సంగతి! నీకు రాయాల్సిన తిట్లన్నీ పేర్చుకుంటుండగానే నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండలేదు. బోధన్‌లో చూసి ఇక్కడ కుదరదన్నారు, ఆ కారులోనే హైదరాబాద్ తెచ్చారు. మందులతో కొన్నాళ్ళు నొప్పులు ఆపగలిగారు, జూన్ ఇరవై ఏడున పుట్టింది. ఆడపిల్ల. పదహారు వందల గ్రాములు. మా ఆయన అరచెయ్యి చాపి చూపించాడు, ఇంతే ఉందని.

నాకు చూపించకుండానే తీసుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టారు. తర్వాత చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి ఒక పెద్ద అద్దం ముందు ఆపారు. అద్దానికి అవతల పదకొండు పెట్టెలు. అక్కడ నాలాంటి తల్లులు పొద్దున్నించీ నిలబడి ఉంటారు. లోపలికి పోనివ్వరు. పిల్లలు నోరు తెరిచి ఏడుస్తుంటారు, చప్పుడు మాత్రం బయటికి రాదు. నువ్వు రాసే నెట్ బొమ్మల్లా, మాట లేకుండా.

మొదటిరోజు అత్తయ్య కొంగుతో అద్దం మూయబోయింది, అందరి చూపూ పడుతోందని. పక్కనున్న ఒక తల్లి, మెదక్ వైపు నుంచి వచ్చింది, పేరు నిరోష, "అమ్మా, మూయకు. రాత్రి నువ్వు నిద్రపోయినంక నీ మనుమరాలిని నేనే సూసిన. శెయ్యి గిట్ల ఆడిచ్చింది. నువ్వు ఇంటికి పోతె నా కొడుకును నువ్వు సూడాలె" అంది. అత్తయ్య కొంగు దించేసింది. అప్పటి నుంచీ మేం షిఫ్టులు వేసుకున్నాం. ఎవరి బిడ్డ అని లేదు. ఒకరు టిఫినుకి పోతే ఇంకొకరు పదకొండు మందినీ చూస్తారు. నా పిల్లని రోజంతా ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు సుకన్యా. దానికి ఏ చూపూ తగల్లేదు. పది రోజుల్లో నూటయాభై గ్రాములు పెరిగింది.

అక్కడ నిలబడ్డప్పుడు నాకు నీ నూట నలభై ఆరు మంది గుర్తొచ్చారు. నేను వాళ్ళకి కనపడను. వాళ్ళకి ఆ పేజీలో ఏమీ కనపడదు. అయినా వచ్చి నిలబడ్డారు. నా కోసం ఎదురింటివాళ్ళు కూడా రాని చోట. నీ మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు.

గూడు సంగతి నాకు రాయకు. పిల్లలై ఎగిరిపోయినా రాయకు, పోయినా రాయకు. ఆయన దయగల మనిషి, ఆయన పిట్టలు చల్లగా ఉండాలి. కానీ ఆ గుడ్ల మీద నేను అనుకున్న మాటని తీసేసుకున్నాను. ఎలా తీసుకోవాలో తెలియదన్నాను కదా, తెలిసింది. పిట్ట గుడ్లు పిట్టవి, నా పిల్ల నాది.

ఇరవై ఒకటో రోజు దాకా పుట్టిందని కూడా ఎవరికీ చెప్పకూడదని అత్తయ్య పట్టు. ఇవాళ్టికి ఇరవై. రేపటికి ఒక్కరోజే కదా అంటోంది. నేను ఆగను. ఆ పుస్తకంలో నా పేరుతో రాయి. బిందుమాధవి, బోధన్ అని పూర్తిగా రాయి. నీ ఇంగ్లీషులో తప్పులున్నా పరవాలేదు.

ఏం రాయాలంటే, ఈ ఉదయం పదిన్నరకి నర్సు నా చేతులు కడిగించి, పచ్చ గౌను తొడిగి, అద్దం తలుపు తీసి నన్ను లోపలికి పంపింది. పెట్టె పక్క కిటికీ తెరిచింది. పాప ఏడుస్తోంది. ఇరవై రోజులుగా నోరు తెరవడం చూశాను గానీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. వాళ్ళందరికీ చెప్పు, చాలా పెద్ద గొంతు.

బిందు